చదివింది, విన్నది, చూసింది: ధ్యాన తరగతుల్లో నా అనుభవం

మా పట్టణంలోని థియోసాఫికల్ లాడ్జికి, అంటే దివ్యజ్ఞాన సమాజపు స్థానిక శాఖకు, నేను మొదట వెళ్లింది ధ్యానం నేర్చుకోవడానికి కాదు. బ్యాంకులో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న తరువాత సాయంత్రాలు ఖాళీగా ఉండేవి. లాడ్జిలో పాత పుస్తకాలు చాలా ఉన్నాయని, సభ్యత్వం లేకపోయినా కూర్చుని చదువుకోనిస్తారని తెలిసి వెళ్లాను. అక్కడి నల్లబల్ల మీద ‘ఆదివారం సాయంత్రం అధ్యయన తరగతి, అందరూ రావచ్చు’ అని సుద్దముక్కతో రాసి ఉంది. ఆ తరగతిలో మొదలైన ఆసక్తే తరువాత నన్ను మాస్టర్ సి.వి.వి. అనే యోగి పేరిట జరిగే ప్రార్థనకు, పిరమిడ్ ధ్యాన కేంద్రానికి, చివరికి నాగార్జునసాగర్‌లో విపశ్యన అనే బౌద్ధ ధ్యాన శిబిరానికి పంపింది. ఈ చోట్ల నిజంగా ఏం చేయిస్తారో, అందులో నాకు ఏం తెలిసిందో, వెళ్లాలనుకునేవారికి పనికివస్తుందన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

దివ్యజ్ఞాన సమాజాన్ని 1875లో న్యూయార్క్‌లో మేడమ్ బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్ మరికొందరితో కలిసి స్థాపించారని, 1882 చివరలో దాని కేంద్రం మద్రాసు అడయారుకు చేరిందని చాలామందికి తెలుసు. అనీ బిసెంట్ నాయకత్వంలో ఆ ఉద్యమం మన ప్రాంతంలో ఎంత లోతుకు వెళ్లిందో చెప్పడానికి మదనపల్లె ఒక్కటి చాలు: జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది అక్కడే, 1915లో బిసెంట్ పేరిట కళాశాల వెలిసింది అక్కడే. మా లాడ్జి అంత ఘనమైనదేమీ కాదు. పెంకుటిల్లు, రెండు పొడవాటి బల్లలు, గోడకు స్థాపకుల పటాలు, గుమ్మం పైన ‘సత్యాన్నాస్తి పరో ధర్మః’ అన్న అక్షరాలు, వాటి కింద పని చేయని గోడ గడియారం. సభ్యుడు కావడానికి ఏ సిద్ధాంతాన్నీ నమ్మనక్కరలేదని, జాతి మత కుల లింగ భేదాలు లేని సౌభ్రాతృత్వాన్ని అంగీకరిస్తే చాలని మొదటి రోజే చెప్పారు. మతాల తులనాత్మక అధ్యయనం, మనిషిలోని నిగూఢ శక్తుల పరిశీలన మిగిలిన ఆశయాలు. ఇష్టమున్నవారు వాటిని పట్టుకోవచ్చు, లేనివారు వదిలేయవచ్చు.

తరగతి నడిపేది రిటైరైన తెలుగు పండితుడు. అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. ఒకరు ఒక పేరా పైకి చదువుతారు, ఆపుతారు, తరువాత మాటలు. మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే ఉండేది. ఎవరు ఏ విషయం చెప్పినా ముందు అది చదివిందో, విన్నదో, స్వయంగా చూసిందో చెప్పి ఆ తరువాతే మొదలుపెట్టాలి. న్యాయశాస్త్రం చెప్పిన ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలనే ఆయన మాకు అర్థమయ్యేలా అలా కుదించారు. మొదట్లో ఇది బడిపిల్లల ఆటలా అనిపించి కొందరికి చిరాకు వేసేది. ఎల్.ఐ.సి. ఏజెంటు ఒకాయన “మాస్టారూ, నేను అనుకున్నది చెప్పకూడదా?” అని అడిగితే, “చెప్పండి, కానీ అనుకున్నానని చెప్పండి” అన్నారు. ఆ రోజు నుంచి చదివింది, విన్నది, చూసింది అన్న మూడు గడులకు ‘అనుకున్నాను’ అన్న నాలుగో గడి కూడా చేరింది. నిగూఢ విద్యలు చర్చించే చోట ఈ నియమం ఎంత పని చేస్తుందో నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. అప్పటికి మాత్రం, సూక్ష్మ లోకాల గురించి గంటసేపు ధారాళంగా మాట్లాడగలవారు కూడా ‘చూశాను’ అన్న మాట దగ్గర ఆగిపోవడం గమనించాను.

మేము చదివింది మనిషి ఏడు తత్త్వాల కూర్పు అన్న ప్రకరణం: స్థూల శరీరం, ప్రాణం, లింగ శరీరం, కామరూపం, మనస్సు, బుద్ధి, ఆత్మ. మనిషిని అయిదు పొరలుగా చెప్పే తైత్తిరీయ ఉపనిషత్తులోని పంచకోశాలు తెలిసినవారికి ఈ లెక్క సులువుగానే ఎక్కుతుంది, ఎక్కడ పొసగదో కూడా వెంటనే కనిపిస్తుంది. ఆ పొసగనితనాన్ని బ్లావట్‌స్కీకి ఎదురుగా ఎత్తిచూపినవాడు మన కాకినాడలో 1856లో పుట్టిన తల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వకీలుగా పేరు తెచ్చుకుని, సమాజంలో బ్లావట్‌స్కీ ఎంతో గౌరవించిన పండితుడై ఉండి కూడా, ఏడుగా విభజించడం శాస్త్రీయం కాదని, స్థూల సూక్ష్మ కారణ ఉపాధులు (ఆత్మకు తొడుగుల వంటివి) మూడు, వాటికి వేరుగా ఆత్మ అన్న తారక రాజయోగ విభాగమే సాధనకు పనికివస్తుందని ఆయన వాదించాడు. 1887లో ‘ది థియోసాఫిస్ట్’ పత్రికలో ఇద్దరి వాదం బహిరంగంగానే నడిచింది. ఆమె తన ప్రధాన గ్రంథం రాతప్రతిని పరిష్కరించమని పంపితే ఆయన నిరాకరించాడు. 34 ఏళ్లు నిండకుండానే 1890లో చనిపోయాడు. ఈ కథ విన్న తరువాత ఏడా నాలుగా అన్న ప్రశ్న మా తరగతిలో ఒక నెలంతా నలిగింది. తేలలేదు, తేలుతుందని ఎవరూ అనుకోనూ లేదు. అంత పెద్దవాళ్లే కళ్లెదుట విభేదించిన విషయాన్ని మనం తలవంచి ఒప్పుకోనక్కరలేదన్న ధైర్యం మాత్రం వచ్చింది. బ్లావట్‌స్కీ చూపిన అద్భుతాలు మోసమని తేల్చిన 1885 నాటి హాడ్జ్‌సన్ నివేదికను కూడా మాస్టారే తెచ్చి చదివి వినిపించారు. దాన్ని తప్పుపట్టిన తరువాతి విమర్శనూ అంతే శ్రద్ధగా చెప్పారు. సొంత ఇంటి అపనింద పత్రాన్ని బల్ల మీద పెట్టగలిగిన సంస్థ మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంత చదువు నడుస్తున్నా, ధ్యానం అక్కడ మొదట్లో, చివర్లో కాసేపటి మౌనం మాత్రమే. కళ్లు మూసుకుంటే మూసిన రెప్పల వెనక ఏం చేయాలో ఎవరూ చెప్పేవారు కారు. ఆ కొరత చెప్పుకుంటే తరగతికి వచ్చే ఒక టీచరమ్మ నన్ను తమ ప్రార్థనకు రమ్మన్నారు.

మాస్టర్ సి.వి.వి. 1868లో కుంభకోణంలో పుట్టిన తెలుగువారు. ఆకాశంలో హేలీ తోకచుక్క కనిపించిన 1910వ సంవత్సరంలోనే, మే 29న తన యోగ మార్గాన్ని ప్రారంభించి, 1922లో దేహం చాలించారు. ఆంధ్రదేశంలో ఈ మార్గానికి చిరునామా వంటివారు ఇద్దరు. తాళపత్రాలతో జీవితమంతా గడిపిన వేటూరి ప్రభాకరశాస్త్రి కుంభకోణం వెళ్లి ఆయన శిష్యులై, తరువాత ఎందరికో ఆ యోగంతో చికిత్స చేశారు. తెలుగు అధ్యాపకులైన ఎక్కిరాల కృష్ణమాచార్య విశాఖపట్నంలో 1971లో వరల్డ్ టీచర్ ట్రస్టును స్థాపించి ప్రార్థనను, ఉచిత హోమియో వైద్యాన్ని జోడించి ఊరూరా తీసుకువెళ్లారు. నేను వెళ్లిన ఇంట్లో కూడా ముందుగదిలో ప్రార్థన, పక్కగదిలో హోమియో మాత్రల సీసాలు.

పద్ధతి ఇంతకన్నా చిన్నదిగా ఉండదేమో. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి కూర్చోవాలి, కళ్లు మూసుకోవాలి, ‘మాస్టర్ సి.వి.వి. నమస్కారం’ అనాలి, పావుగంట సేపు లోపల జరిగేదాన్ని గమనించాలి. ఏకాగ్రత పట్టవలసిన రూపం లేదు, అదుపు చేయవలసిన శ్వాస లేదు. అయితే ఆరు అంటే ఆరే. ఆరూ అయిదుకు వచ్చినవారు వరండాలోనే కూర్చునేవారు, ఎవరూ ఏమీ అనేవారు కారు. నాకు మొదట కలిగింది నిద్ర. తరువాత కొన్నాళ్లకు, తల కొంచెం వాలే సమయంలో భుజం ఒక్కసారిగా అదిరిపడేది, వెన్నులో వేడి పాకినట్టుండేది. అక్కడివారు దాన్ని లోపలి సర్దుబాటు అన్నారు. నిద్రలోకి జారే క్షణంలో కండరాలు అలా అదరడం అందరికీ ఉండేదేనని నేను ఎప్పుడో చదివి ఉన్నాను. ఆదివారం నాడు లాడ్జిలో మూడూ చెప్పాను: భుజం అదరడం చూసింది, సర్దుబాటు విన్నది, కండరాల సంగతి చదివింది. మాస్టారు నవ్వి, “మూడింటిలో ఒకటే మీది, మిగతా రెండూ అప్పు” అన్నారు. నాకు గుర్తున్నంతలో ఆ తరగతుల్లో నన్ను ఎక్కువగా కదిలించిన మాట అదే. శాస్త్రీయమైన వివరణ కూడా నాకు అప్పే కదా, అది నా చేతిలో పరీక్షించి చూసింది కాదు కదా అని అప్పటిదాకా తోచలేదు.

పిరమిడ్ ధ్యానం గురించి ఎక్కువ రాయను, మన రాష్ట్రాల్లో తెలియనివారు తక్కువ. కర్నూలులో ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ సుభాష్ పత్రీజీ 1990లో అక్కడ మొదలుపెట్టిన సంఘం ఊళ్లకు ఊళ్లు పాకింది. ఆయన 2022లో కడ్తాల్‌లో మరణించారు. సుఖాసనం, చేతి వేళ్లలో వేళ్లు, కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస, ఎంత వయసుంటే కనీసం అన్ని నిమిషాలు. డబ్బు అడగరు, దీక్ష అడగరు. మాంసాహారం మానమని మాత్రం గట్టిగా చెబుతారు. కూలిపనికి వెళ్లే ఆడవాళ్లు పని ముగించుకుని వచ్చి, చెప్పులు విడిచి, మారు మాట లేకుండా కూర్చోవడం నేను చూసింది అక్కడే. ధ్యానాన్ని పుస్తకాల నుంచి, పీఠాల నుంచి విడదీసి ఇంత తేలికగా జనం చేతిలో పెట్టడం చిన్న పని కాదు.

నాకు ఇబ్బంది కలిగింది వేరే చోట. పేరు అక్కరలేని ఒక ఇంటి తరగతి అది. నెలనెలా రుసుము, స్థాయిలు, ఒక్కో స్థాయికి ఒక్కో దీక్ష, కనుబొమల మధ్య ఉంటుందనే ఆజ్ఞాచక్రం తెరిపిస్తామన్న మాట. ముందు కొంతసేపు వేగంగా, లోతుగా ఊపిరి పీల్చి వదలమంటారు. వేళ్ల చివర్లలో, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు అవుతుంది. అది శక్తిపాతమని, అంటే గురువు శక్తి మనలోకి దిగడమని చెప్పేవారు. అలా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఎవరికైనా తిమ్మిరి పుడుతుందని ఏ వైద్యుడైనా చెబుతాడు. తరువాత అనుభవాలు పంచుకునే కార్యక్రమం. వరుసగా కూర్చున్నవారిలో మొదటామె నుదుటి మధ్య నీలికాంతి కనిపించిందని చెప్పింది. నిర్వాహకుడి ముఖం వెలిగింది, చప్పట్లు మోగాయి. రెండో ఆయనకు నీలికాంతి, అందులో ఒక చుక్క. మూడో వ్యక్తికి చుక్కలోంచి ఒక ద్వారం. నా పక్కనే కూర్చున్న ఇంటర్ చదివే అబ్బాయి తన వంతు దగ్గరపడేకొద్దీ చేతిరుమాలు నలుపుతూ ఉన్నాడు. చివరకు “నాకూ నీలమే సార్” అన్నాడు. ఆ పిల్లవాడు అబద్ధం చెప్పాడని నేననను. కళ్లు మూసుకుని కొంతసేపు కూర్చుంటే ఎవరికైనా ఏవో రంగులు కదులుతాయి, వాటిలో అడిగిన రంగు దొరుకుతుంది. కానీ ఆ గదిలో ‘ఏమీ కనిపించలేదు’ అన్న జవాబుకు చోటు లేదు. దానికన్నా ఘోరం, రక్తపోటు మాత్రలు వేసుకునే ఒక పెద్దావిడతో “నమ్మకం కుదిరాక అవెందుకమ్మా” అనడం. ఆమెను బయట పలకరించి డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపవద్దని చెప్పి, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

అనుభవాలు చెప్పుకోవడమే అనుభవాలను తయారుచేస్తోందన్న అనుమానం బలపడిన తరువాత, చెప్పుకునే వీలే లేని చోటు ఒకటి చూడాలనిపించింది. పది రోజుల విపశ్యన శిబిరంలో మొదటి సాయంత్రం నుంచి ఆర్యమౌనం పాటించాలి. మాటలే కాదు, సైగలు కూడా వద్దంటారు. ఫోను, పుస్తకం, కలం, కాగితం అన్నీ అప్పగించాలి. ఈ శిబిరాల రూపకర్త సత్యనారాయణ గోయెంకా 1924లో మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. తీవ్రమైన తలనొప్పికి మందు వెతుక్కుంటూ బర్మాలో ఉన్నతాధికారిగా పనిచేస్తున్న ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లి విద్య నేర్చి, 1969లో భారతదేశానికి తెచ్చారు. 1976లోనే హైదరాబాదు శివార్లలో ధమ్మఖేత్త కేంద్రం వచ్చింది. నేను ఎంచుకున్నది నాగార్జునసాగర్ హిల్ కాలనీలోని కేంద్రం. ఆనకట్ట నీటిలో మునిగిపోయిన లోయలో ఒకప్పుడు ఎన్నో బౌద్ధ విహారాలుండేవని తెలిసి అక్కడ కూర్చోవాలన్న ముచ్చట నాది. సాధనకు దానితో ఏ సంబంధమూ లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, నాలుగున్నరకు కూర్చోవాలి. మధ్యాహ్న భోజనం పదకొండింటికే. సాయంత్రం అయిదింటికి కొత్తవారికి టీ, మరమరాలు, ఓ పండు. పాత సాధకులకు నిమ్మరసమే. రాత్రి ఏడింటికి గోయెంకా ప్రవచనం, తెలుగులోనూ వినే వీలుంది, తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేస్తారు. మొత్తం మీద రోజుకు పది గంటలు కూర్చోవడమే పని. మొదటి మూడు రోజులూ ఆనాపాన: పైపెదవి మీద, ముక్కుపుటాల కింద ఉన్న చిన్న చోటు దగ్గర వచ్చే శ్వాస, పోయే శ్వాస. శ్వాసను మార్చకూడదు, మంత్రం కలపకూడదు. అంతకుముందు చేస్తున్న జపమూ ప్రార్థనా ఆ పది రోజులూ పక్కన పెట్టమని ముందే ఒప్పించుకుంటారు. రెండో రోజు మధ్యాహ్నం నాకు విసుగు ఎంత పెరిగిందంటే ఎదుటివారి శాలువా అంచులోని పూలు లెక్కపెట్టాను.

మూడో రోజున కళ్ల ముందు తెల్లని వెలుగు నిలిచింది. బయట ఏ తరగతిలోనైనా అది పండుగ. మధ్యాహ్నం పన్నెండు తరువాత సహాయ ఆచార్యులను ఒక్కొక్కరే కలిసి ప్రశ్న అడగవచ్చు. ఆచార్యురాలి ముందు నేల మీద కూర్చుని వెలుగు సంగతి చెప్పాను. ఆమె పూర్తిగా విని, “శ్వాస తెలుస్తూనే ఉందా అమ్మా?” అని మాత్రం అడిగారు. తెలియడం లేదన్నాను. “అయితే శ్వాస దగ్గరికి రండి” అన్నారు. అంతే, తరువాతి మనిషిని పిలిచారు. నాకు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టయిన మాట నిజం. వెలుగును ఆమె కాదనలేదు, మెచ్చుకోలేదు, పేరు పెట్టలేదు. రెండు రోజుల్లో అది దానంతట అదే పోయింది.

నాలుగో రోజు విపశ్యన నేర్పుతారు. నడినెత్తి నుంచి కాలివేళ్ల దాకా ఒక్కో భాగాన్నీ మనసుతో తడుముతూ, అక్కడ వేడో, చెమటో, దురదో, బరువో ఏది ఉంటే దాన్ని గుర్తించి ముందుకు సాగాలి. అప్పటి నుంచి రోజుకు మూడు అధిష్ఠానాలు, అంటే గంటసేపు చేతులు, కాళ్లు, కళ్లు కదపకుండా కూర్చోవడం. నా కుడి మోకాలి నొప్పిని దగ్గరగా చూసింది ఆ గంటల్లోనే. దూరం నుంచి అది ఒక్క ముద్ద. దాని దగ్గరే మనసు నిలిపితే లోపల ఒక సన్నని మంట, దాని పక్కన దడదడ కొట్టుకునే చోటు, కింద చల్లని మొద్దుబారినతనం వేరువేరుగా తెలిశాయి. వాటి మధ్య ‘ఇంకెంతసేపు’ అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా మంట పెరిగేది, ఆలోచన పోతే తగ్గేది. ఒక గంటలో నొప్పి పూర్తిగా కరిగిపోయింది, ఆ వెంటనే జరిగిన గంటలో రెట్టింపై వచ్చింది. ఈ నిలకడలేనితనాన్నే పాళీలో అనిచ్చ అని ప్రవచనంలో వింటాం. మోకాలి దగ్గర చూస్తే అది వినికిడిలా లేదు. కర్మసంస్కారాలు పైకి వచ్చి రాలిపోతున్నాయన్న వివరణ మాత్రం నాకు ఇప్పటికీ విన్నదే.

పదో రోజు అందరి మేలూ కోరే మైత్రీభావన నేర్పి మౌనం విప్పగానే హాలు బయట ఒక్కసారిగా సంత మొదలైంది. అందరూ అందరికీ తమ అనుభవాలు చెప్పుకుంటున్నారు. ఎక్కువ మందికి ఎక్కువ నొప్పులే, ఒకరికి ఇంటి మీద బెంగ, ఒకరికి చనిపోయిన తమ్ముడి జ్ఞాపకం, ఇద్దరికి ఏమీ లేదు. వెలుగులు చూసినవారు నాతో కలిపి కొందరే. విరాళం కూడా అప్పుడే తీసుకుంటారు, శిబిరం పూర్తి చేసినవారి దగ్గరే, ఎంతిచ్చారని ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు ఉదయం ఆనాపాన, సాయంత్రం ఆరింటికి వీలైతే ఆ టీచరమ్మగారి ఇంటి ముందుగదిలో పావుగంట, ఆదివారం లాడ్జి. రెండు పద్ధతులు కలపవద్దని విపశ్యనవారు చెప్పింది తెలుసు. ఒక పూట ఒకటే చేస్తున్నాను కనుక కలపడం కాదని నా వాదం, మాస్టారు దాన్ని ‘అనుకున్నాను’ గడిలో వేశారు. ఆయన పునర్జన్మను నిశ్చయంగా నమ్ముతారు. నేను అక్కడిదాకా రాలేదు, వస్తానో లేదో తెలియదు. అందుకు తరగతిలో నా కుర్చీ ఎవరూ తీసేయలేదు.

తెలిసినవాళ్లు ఎక్కడ చేరమంటావని అడిగితే ముందు మూడు విషయాలు కనుక్కోమంటాను: డబ్బు ఎప్పుడు, ఎలా తీసుకుంటారు, మందుల గురించి ఏమంటారు, ఏమీ కనిపించలేదని చెబితే ఎలా తీసుకుంటారు. విపశ్యనకు వెళ్లేవారికి మాత్రం మరొకటి కలుపుతాను. దరఖాస్తులో మానసిక అనారోగ్యం గురించి, వాడుతున్న మందుల గురించి స్పష్టంగా అడుగుతారు, చోటు దొరకదేమోనన్న భయంతో దాచేవారున్నారు. రోజుకు పది గంటలు కూర్చోవడాన్ని, పది రోజుల మౌనాన్ని అందరి మనసులూ ఒకేలా తట్టుకోలేవు. మా మేనకోడలు ప్రసవానంతరం కుంగుబాటుకు మందులు వాడుతూ అక్కడికి వెళతానంది. ఆమె దరఖాస్తు ఇద్దరం కలిసి నింపాం, ఆ గడిలో ఉన్నదున్నట్టు రాయించాను. డాక్టరు సలహా తీసుకుని మరికొంత కాలం ఆగి రమ్మని జవాబు వచ్చింది. ఈలోగా ఆమె నాతోపాటు ఆదివారాలు లాడ్జికి వస్తోంది, పేరా చదవడం ఇప్పుడు ఎక్కువగా ఆమె వంతే.